కొత్త కాంబి బాయిలర్‌కి పాత 15 ఎంఎం గ్యాస్ పైపు చాలుతుందా?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఇంగ్లాండ్‌లోని స్లౌలో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక వైపు గోడ పక్కింటితో కలిసి ఉండేది) కొన్నారు. అటక మీద ట్యాంకు, బెడ్‌రూమ్ అల్మారాలో వేడినీళ్ల సిలిండర్ ఉన్న పాత బాయిలర్ తీయించి, 30 కిలోవాట్ల కాంబి (సిలిండర్ లేకుండా, ట్యాపు తిప్పగానే నీళ్లు కాచి, రేడియేటర్లనీ వేడి చేసే బాయిలర్) పెట్టించాలనుకుంటున్నారు. ఇద్దరు ఇంజనీర్లు వచ్చి చూశారు. ఒకాయన పావుగంటలో చూసేసి "ఉన్న పైపుకే తగిలించేస్తా" అన్నారు. రెండో ఆయన మీటర్ దగ్గర నుంచి వంటింటి దాకా టేపు పట్టి కొలిచి, 15 ఎంఎం పైపు చాలదు, కొంత దూరం 28, మిగతాది 22 వేయాలి అన్నారు. ఆ పనికి విడిగా డబ్బు అడిగారు. పైగా మొన్నే వేయించిన చెక్క ఫ్లోరింగ్ ఎత్తాలన్నారు. ఈ రెండో ఆయన మనల్ని మోసం చేస్తున్నాడా అని మీ అనుమానం.

లేదండి. మీరిచ్చిన వివరాలను బట్టి లెక్క కట్టింది ఆయన ఒక్కరే. నేను రెడింగ్ చుట్టుపక్కల చాలా ఏళ్లుగా గ్యాస్ పనులు చేస్తున్నాను, గ్యాస్ సేఫ్‌లో, అంటే గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితాలో, రిజిస్టర్ అయి ఉన్నాను. మనవాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడల్లా ఈ పైపు దగ్గరే వాదన వస్తుంది. బాయిలర్‌కి డబ్బు పెట్టడానికి ఎవరూ వెనకాడరు, ఏ బ్రాండ్, ఎన్నేళ్ల వారంటీ అని వారం రోజులు చదువుతారు. పైపు మాట ఎత్తగానే ముఖం మారిపోతుంది. అది కంటికి కనిపించని ఖర్చు కాబట్టి అలా అనిపించడం సహజమే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రెషర్ సంగతి. ఇక్కడ ఇళ్లకి వచ్చే గ్యాస్‌ని మీటర్ పక్కనున్న రెగ్యులేటర్ 21 మిల్లీబార్లకి తగ్గించి పంపిస్తుంది. రెండు అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 19 నుంచి 23 దాకా. ఇళ్లలో గ్యాస్ పైపుల గురించిన బీఎస్ 6891 అనే బ్రిటిష్ ప్రమాణం చెప్పేది ఏమిటంటే, మీటర్ నుంచి బాయిలర్ దాకా వెళ్లేలోపు, ఇంట్లోని గ్యాస్ పరికరాలన్నీ ఫుల్లుగా మండుతున్నప్పుడు కూడా, పైపులో పోయే ప్రెషర్ 1 మిల్లీబార్ దాటకూడదు. ఒక మిల్లీబార్ అంటే నీళ్ల గొట్టంలో సెంటీమీటర్ ఎత్తు, అంతే. అంత చిన్న తేడా కోసం ఇంత హడావిడా అనిపిస్తుంది. కానీ మొత్తం ఉన్నదే 21. అందులోంచి పైపు మూడు నాలుగు మింగేస్తే బర్నర్‌కి చేరేది తగ్గిపోతుంది.

కృష్ణా కాలువ చివరి భూములు సాగు చేసిన కుటుంబాలకి ఇది కొత్త కాదు: తూము దగ్గర కాలువ నిండుగానే ఉంటుంది, పైవాళ్లందరూ ఒకేసారి పెట్టుకుంటే చివరి చేనుకి నీళ్లందవు. మీ మీటర్ దగ్గర ప్రెషర్ బాగుందని మొదటాయన చెప్పినా అది తూము దగ్గరి మాట. చూడాల్సింది బాయిలర్ దగ్గర, అన్నీ మండుతున్నప్పుడు.

"పాత బాయిలర్ ముప్పై ఏళ్లు ఇదే పైపు మీద నడిచింది కదా" అని మీరు రాశారు. నడిచింది, నిజమే. సిలిండర్‌తో ఉన్న పాత బాయిలర్ నీళ్లను నెమ్మదిగా, గంటసేపు కాచి నిల్వ పెడుతుంది. దానికి పెద్ద మంట అక్కర్లేదు. కాంబికి నిల్వ లేదు. మీరు షవర్ తిప్పిన క్షణంలో నాలుగైదు డిగ్రీల చల్లటి నీళ్లని అప్పటికప్పుడు కాచి ఇవ్వాలి. ఆ 30 కిలోవాట్లూ వేడినీళ్ల కోసమే. మీలాంటి మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి రేడియేటర్లు వెచ్చబడటానికి అందులో సగం కూడా చాలాసార్లు అవసరం పడదు. అంటే పాత బాయిలర్‌తో పోలిస్తే కాంబి గ్యాస్ తాగే వేగమే వేరు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. రెండో ఆయన రాసిచ్చిన కాగితం ఫొటో పెట్టారు కాబట్టి అవే అంకెలు వాడుతున్నాను. 30 కిలోవాట్ల కాంబి ఫుల్లుగా మండితే గంటకి సుమారు 3.2 క్యూబిక్ మీటర్ల గ్యాస్ కావాలి. నాలుగు బర్నర్ల గ్యాస్ స్టవ్ అన్నీ వెలిగిస్తే దాదాపు 1. ఓవెన్ మీది కరెంటుది, దాన్ని వదిలేద్దాం. మొత్తం 4.2.

పైపు పొడవు 10 మీటర్లు. అయితే పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు, ప్రతి ఎల్బో (పైపుని మలుపు తిప్పే ముక్క) దగ్గరా గ్యాస్ తడబడుతుంది. ఒక్కో ఎల్బోకి అర మీటర్ చొప్పున కలపాలి. మీ పైపు మీటర్ బాక్స్ లోంచి లోపలికి వచ్చి, ఫ్లోర్ కిందకి దిగి, హాలు దాటి, మలుపు తిరిగి వంటింట్లో పైకి లేస్తోంది. ఎనిమిది ఎల్బోలు, అంటే ఇంకో 4 మీటర్లు. మొత్తం 14. ఏ సైజు పైపు ఎంత గ్యాస్ ఇస్తుందో చెప్పే పట్టికలో 15 మీటర్ల వరుస చూడాలి. ఆ పొడవుకి 1 మిల్లీబార్ లోపు నష్టంతో 15 ఎంఎం రాగి పైపు గంటకి 1.1 క్యూబిక్ మీటర్లు మాత్రమే ఇవ్వగలదు. 22 ఎంఎం 3.4 ఇస్తుంది. 28 ఎంఎం 7 ఇస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. మీకు కావాల్సింది 4.2, ఉన్న పైపు ఇవ్వగలిగింది 1.1. ఇది కాస్త అటూ ఇటూ సర్దుకునే తేడా కాదు. 22 వేస్తే బాయిలర్ ఒక్కదానికి బొటాబొటిగా సరిపోతుంది, కానీ స్టవ్ కూడా అదే పైపు మీద ఉంది. మీ స్టవ్‌కి చీలిక వంటింట్లో, బాయిలర్‌కి దాదాపు 3 మీటర్ల ముందు ఉంది. అంటే మీటర్ నుంచి అక్కడి దాకా రెండింటి గ్యాసూ ఒకే పైపులో రావాలి. అంత దూరం 22 అయితే నా లెక్కలో నష్టం 1 దాటి 1.2 పైన వస్తోంది. ఆ ఉమ్మడి భాగం 28 చేసి, చీలిక తర్వాత 22 వేస్తే అరకి దగ్గర్లో ఆగుతుంది. రెండో ఆయన 28 అన్నది అందుకే, మీ దగ్గర డబ్బు లాగడానికి కాదు.

అలాగని ఫ్లోరింగ్ ఎత్తడం ఒక్కటే దారి అని నేను అనుకోవడం లేదు. ఈ మాట ఆయనతో మాట్లాడి చూడండి. మీ మీటర్ ఇంటి పక్క గోడకి, బయట బాక్సులో ఉంది. బాయిలర్ వచ్చేది వెనక వంటింట్లో, అదే గోడకి. కాబట్టి బాయిలర్‌కి విడిగా ఒక 22 ఎంఎం పైపు మీటర్ పక్కనే చీల్చి, సైడ్ ప్యాసేజ్‌లో గోడ వెంబడి బయట నుంచే తీసుకెళ్లి, బాయిలర్ దగ్గర గోడలోంచి లోపలికి తేవచ్చు. సుమారు 9 మీటర్లు, ఆరు ఎల్బోలు అనుకుంటే 12 మీటర్ల లెక్క. ఆ పొడవుకి 22 పైపు 3.9 ఇస్తుంది, మీ బాయిలర్‌కి కావాల్సింది 3.2. పాత 15 పైపుని అలాగే వదిలేస్తే దాని మీద స్టవ్ ఒక్కటే ఉంటుంది, దానికి కావాల్సింది 1, పైపు ఇచ్చేది 1.1. అదీ సరిపోతుంది. 28 పైపు అక్కర్లేదు, ఫ్లోరింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. బయట గోడ మీద పైపు కనిపిస్తుంది, అది మీకు ఇష్టం లేకపోవచ్చు. నేనైతే కనిపించే పైపుకే ఓటేస్తాను, రేపు ఏదైనా తేడా వస్తే చూడటం తేలిక.

బయట వేసినా కొన్ని షరతులున్నాయి. వానకి, దెబ్బలకి తట్టుకునేలా ప్లాస్టిక్ పూత ఉన్న రాగి పైపు వాడాలి, దగ్గర దగ్గరగా క్లిప్పులు వేయాలి, బిన్నులు ఈడ్చుకెళ్లే దారిలో తగలకుండా చూడాలి. గోడలోంచి లోపలికి వచ్చేచోట సంగతి ఇంకా ముఖ్యం. 1930ల ఇళ్లలో చాలావాటికి రెండు పొరల గోడ, మధ్యలో ఖాళీ ఉంటుంది. గ్యాస్ పైపు ఆ ఖాళీని అడ్డంగా, అతి తక్కువ దూరంలో దాటాలే తప్ప అందులో పైకీ కిందకీ పరిగెత్తకూడదు. దాటేటప్పుడు కూడా ఇంకో గొట్టం లోంచి, అంటే స్లీవ్ లోంచి రావాలి. ఆ స్లీవ్ గోడ రెండు పొరలనీ దాటి ఉండాలి, పైపుకీ స్లీవ్‌కీ మధ్య సందుని ఇంటి లోపలి వైపు సీల్ చేయాలి. ఎందుకంటే గోడ లోపల ఎక్కడైనా లీకైతే ఆ గ్యాస్ ఖాళీలో పేరుకుపోకుండా బయటికి పోవాలి, ఇంట్లోకి రాకూడదు. డ్రిల్లుతో కన్నం పెట్టి, పైపు తోసి, చుట్టూ సిమెంటు మెత్తేసి వెళ్లిపోయిన పనులు నేను చాలా చూశాను. సిమెంటు రాగిని తినేస్తుంది, అది బయటపడేది ఏళ్ల తర్వాత.

గోడలో దాచేయమని మీరు అడిగారు కాబట్టి అదీ చెబుతాను. ప్లాస్టర్ కింద పైపు వేయొచ్చు, నిషేధం లేదు. కానీ పూత ఉన్న పైపు అయ్యుండాలి, వీలైనంత నిలువుగా వెళ్లాలి, మరలతో బిగించే జాయింట్లు లోపల ఉండకూడదు. రేపు మీరే ఫొటో ఫ్రేము కోసం మేకు కొడతారు. ఫ్లోర్ కింద వేసేటప్పుడు దూలాలకి గాడి కోయడానికి కూడా కొలతలున్నాయి: గాడి లోతు దూలం ఎత్తులో ఎనిమిదో వంతు దాటకూడదు, అదీ దూలం చివర్లకి దగ్గర్లో కానీ నడిమధ్యలో కానీ కోయకూడదు. కరెంటు వైర్లకి కనీసం 25 ఎంఎం, కరెంటు మీటర్, ఫ్యూజ్ బాక్సులకి 150 ఎంఎం దూరం ఉండాలి.

జాయింట్ల గురించి ఒక హెచ్చరిక. నీళ్ల పైపులకి వాడే ప్లాస్టిక్ పుష్ ఫిట్ (చేత్తో తోసి బిగించే జాయింట్) గ్యాస్‌కి పనికిరాదు. ప్రెస్ ఫిట్ (పనిముట్టుతో నొక్కి బిగించే జాయింట్) వాడితే గ్యాస్ రకమే వాడాలి, దాని లోపలి రింగు పసుపు రంగులో ఉంటుంది. నీళ్ల రకం రింగు వేరే రబ్బరు, గ్యాస్‌కి ఆగదు. పని జరుగుతున్నప్పుడు ఫిట్టింగ్ చేతిలోకి తీసుకుని చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకొకటి, మీటర్ పక్కనే కొత్త చీలిక పెడితే, ఆకుపచ్చ పసుపు చారల ఎర్త్ వైర్ క్లాంప్ ఆ చీలికకి ముందే ఉండాలి. సాధారణంగా 10 చదరపు ఎంఎం వైరు, మీటర్ నుంచి 600 ఎంఎం లోపు. కొత్త పైపు పెట్టినవాళ్లు తరచూ మర్చిపోయేది ఇదే.

మొదటాయన "బాయిలర్ కింద గ్యాస్ కనెక్షనే 15 ఎంఎం, దానికి 22 పైపు ఎందుకు" అన్నారని రాశారు. ఈ మాట నేను వారానికొకసారైనా వింటాను. కొన్ని బాయిలర్ల కనెక్షన్ 15 అనేది నిజమే. చివరి అరమీటరు 15 అయితే పోయేది చాలా తక్కువ, దాన్ని లెక్కలో కలుపుకుంటే చాలు. కానీ చివరి అరమీటరు 15 ఉంది కాబట్టి మొత్తం 14 మీటర్లూ 15 చాలు అనడం కుదరదు. నష్టం పొడవుతో పెరుగుతుంది. "పక్కింట్లో అలాగే నడుస్తోంది" అన్నదీ అంతే. కొత్త బాయిలర్లు తక్కువ ప్రెషర్ మీద కూడా కొంతవరకు మండుతాయి, వెంటనే ఆగిపోవు. జనవరిలో ఉదయం ఒకరు షవర్‌లో ఉండగా ఇంకొకరు స్టవ్ మీద ఇడ్లీ పాత్ర పెడితే షవర్ గోరువెచ్చనవుతుంది, లేదా వేడినీళ్లు తిప్పగానే స్టవ్ మంట కుంగుతుంది, లేదా బాయిలర్ లాకౌట్ అయి, అంటే తనంతట తానే ఆగిపోయి, ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. అప్పుడు కంపెనీ మనిషి వచ్చి, ప్రెషర్ కొలిచి, "పైపు చాలదు, ఇది వారంటీలోకి రాదు" అని వెళ్లిపోతే మీరేం చేస్తారు?

హైదరాబాద్‌లో, విజయవాడలో ఇప్పుడు పైపు గ్యాస్ వస్తోంది, కానీ అక్కడి ఇళ్లలో దాని మీద వెలిగేది దాదాపుగా స్టవ్ ఒక్కటే. అందుకే అక్కడ నుంచి వచ్చిన మనకి పైపు సైజు అనే మాటే వినిపించి ఉండదు. ఇక్కడ ఆ పైపు మీద స్టవ్ కంటే మూడు రెట్లు గ్యాస్ తాగేది కూర్చుంటోంది.

మీరు ఇంకా పెద్ద బాయిలర్, 40 కిలోవాట్లది తీసుకుందామా అని కూడా అడిగారు. ఒకే బాత్రూమ్ ఉన్న ఇంటికి వద్దండి. అది గంటకి 4 క్యూబిక్ మీటర్ల పైనే అడుగుతుంది. స్టవ్‌తో కలిపితే 5 దాటుతుంది. మామూలు ఇంటి మీటర్ గంటకి 6 వరకే ఇస్తుంది. పైపూ పెద్దది కావాలి, దానికి తగ్గట్టు రోడ్డు మీద నుంచి వచ్చే చల్లనీళ్ల ధార కూడా ఉండాలి. నిమిషానికి ఎన్ని లీటర్ల చల్లనీళ్లు వస్తున్నాయో బకెట్ పెట్టి కొలవకుండా పెద్ద బాయిలర్ కొనడం వృథా.

పని అయ్యాక ఏం జరగాలో చెబుతాను, ఇది మీరు దగ్గరుండి చూడొచ్చు. మొదలుపెట్టే ముందే పాత పైపుకి లీకు పరీక్ష చేయాలి. కొత్త పైపు వేశాక మళ్లీ చేయాలి. గేజ్ తగిలించి, ప్రెషర్ ఎక్కించి, కుదురుకోవడానికి ఒక నిమిషం ఆగి, రెండు నిమిషాలు చూస్తారు. పరికరాలు తగిలించి ఉన్న పాత పైపుకి, గ్యాస్ వాసన లేకపోతే, కొద్దిపాటి తగ్గుదలని ఒప్పుకుంటారు. కొత్త పైపులో ముల్లు కదలకూడదు. ఆ తర్వాత గాలి బయటికి తోసి, బాయిలర్ వెలిగించి, అసలు పరీక్ష చేయాలి: వేడినీళ్ల ట్యాపులు పూర్తిగా తిప్పి, స్టవ్ నాలుగు బర్నర్లూ వెలిగించి, మీటర్ దగ్గర ఒక రీడింగ్, బాయిలర్ ముందర ఒక రీడింగ్. మీటర్ దగ్గర 20.5 ఉంటే బాయిలర్ ముందర 19.5కి తగ్గకూడదు. బాయిలర్ లోపలి గ్యాస్ వాల్వ్ దగ్గర కొలిస్తే ఇంకాస్త తక్కువ వస్తుంది, అది ఎంత వరకు ఒప్పో ఆ బాయిలర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇవి ఇంజనీర్ తలుచుకుంటే చేసేవి కావు. 1998 గ్యాస్ సేఫ్టీ నిబంధనల్లో 26వ నిబంధన ప్రకారం, పని చేసినవాళ్లు ప్రెషర్ కానీ గ్యాస్ ఖర్చయ్యే వేగం కానీ, లేదా రెండూ చూసి తీరాలి. ఒకవేళ మీటర్ దగ్గరే 19 కంటే తక్కువ ఉంటే రెగ్యులేటర్ సీలు తెంపి తిప్పడానికి ఆయనకి హక్కు లేదు, గ్యాస్ నెట్‌వర్క్ వాళ్లని పిలవాలి. మీటర్ దాకా వాళ్ల బాధ్యత, మీటర్ దాటాక పైపు మీది.

గ్యాస్ వేగం మీరు కూడా చూసుకోవచ్చు, ఏదీ విప్పక్కర్లేదు. స్టవ్ ఆపేసి, వేడినీళ్ల ట్యాపు పూర్తిగా తిప్పి, ఒక నిమిషం ఆగండి. మీటర్ రీడింగ్ దశాంశాలతో సహా రాసుకుని, సరిగ్గా రెండు నిమిషాల తర్వాత మళ్లీ రాసుకోండి. తేడాని 30తో గుణిస్తే గంటకి ఎంతో వస్తుంది. 3.2కి దగ్గర్లో ఉంటే మీ బాయిలర్‌కి కడుపునిండా గ్యాస్ అందుతున్నట్టు. 2.3, 2.4 దగ్గర ఆగిపోయి, పైగా నీళ్లు గోరువెచ్చగా వస్తుంటే ఇంజనీర్‌ని వెనక్కి పిలవండి. ఈ పరీక్ష చలికాలంలో చేస్తే సరిగ్గా తెలుస్తుంది. ఎండాకాలంలో చల్లనీళ్లే గోరువెచ్చగా ఉండి బాయిలర్ తగ్గి మండుతుంది.

కాగితాల విషయంలో రెండు మర్చిపోకండి. బాయిలర్ మాన్యువల్ వెనక బెంచ్‌మార్క్ అనే ఫారం ఉంటుంది. అందులో గ్యాస్ ప్రెషర్‌కి, గ్యాస్ వేగానికి గడులున్నాయి. ఆ రెండు గడుల్లో అంకెలు పడ్డాయో లేదో చూసి సంతకం తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. రెండోది, పని అయిన 30 రోజుల్లోపు ఇంజనీర్ గ్యాస్ సేఫ్ ద్వారా కౌన్సిల్‌కి తెలియజేయాలి. ఆ తర్వాత మీకు బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ వస్తుంది. రేపు ఇల్లు అమ్మేటప్పుడు సొలిసిటర్ (లాయర్) మొదట అడిగే కాగితాల్లో అదొకటి. ఇంకా, ఇంగ్లాండ్‌లో 2022 అక్టోబర్ నుంచి కొత్త గ్యాస్ బాయిలర్ పెడితే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాలి. అది కొటేషన్‌లో ఉందో లేదో చూడండి.

ఇద్దరి గ్యాస్ సేఫ్ కార్డులూ అడిగి తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు ఫొటో, నంబర్, గడువు ఉంటాయి. వెనక వైపు ఏయే పనులకి అర్హత ఉందో ఉంటుంది. కార్డు ఉన్నంత మాత్రాన బాయిలర్ పెట్టే అర్హత ఉన్నట్టు కాదు, కొందరికి స్టవ్‌లు మాత్రమే ఉంటాయి. నంబర్‌ని గ్యాస్ సేఫ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు.

మొదటాయన మీద కూడా నాకు కోపం లేదు. ఆయనకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "బాయిలర్, స్టవ్ రెండూ ఫుల్లుగా మండుతున్నప్పుడు మీటర్‌కీ బాయిలర్‌కీ మధ్య నష్టం ఎంత వస్తుందో రాసిస్తారా?" రాసిస్తే ఆ కాగితం ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. రాయనంటే మాత్రం ఆయనకి పని ఇవ్వకండి. రెండో ఆయనకి బయట గోడ దారి గురించి చెప్పి, మళ్లీ కొటేషన్ అడగండి. మీటర్ బాక్స్ దగ్గర నుంచి వంటింటి మూల దాకా సైడ్ ప్యాసేజ్ ఫొటోలు రెండు మూడు పెడితే, ఎల్బోలు ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో నేనూ చూస్తాను.